వానకు కరిగిన సున్నపు గీత

పోయిన వారం మన హొన్నమ్మను నాలుక కొరుక్కుంటున్న చోట వదిలిపెట్టాం. ఎల్లక్క కోడిని ఎవరో ఎత్తుకుపోయారు. పోయిన కోడికి న్యాయం కోసం ఎల్లక్క పోలీసు దగ్గరికి పోలేదు, నేరుగా హొన్నమ్మ దగ్గరికే వచ్చింది. "వాని చెయ్యి పడిపోవల్లని ఒక్క మాట అనక్కా, చాలు" అని బతిమాలింది. హొన్నమ్మ అనలేదు. "ఏం దేవుడమ్మా మీ దేవుడు, కోడి పోయినా తిట్టనీడా!" అంటూ ఎల్లక్క విసురుగా వెళ్లిపోయింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం ఇంకో నాలుగు మాటలు. వల్లూరులో హొన్నమ్మ తిట్టంటే ఉత్త తిట్టు కాదు, తీర్పు. పిడికెడు మన్ను తీసి ఎవరి గడప మీదైనా పోసి నోరు తెరిచిందంటే, ఆ ఇంట్లో ఆ పూట అన్నం ఎవరికీ దిగేది కాదు. ఎత్తుకుపోయిన పారను దొంగలే తెచ్చి ఆమె అరుగు మీద పెట్టిపోయిన రోజులున్నాయి. అలాంటి హొన్నమ్మ తొమ్మిదేళ్ల కిందట సొంత మరిది బొమ్మన్న గడప మీద మన్ను పోసింది. ఆమె మొగుడు శ్రీరామప్పను పూడ్చింది వాళ్ల శెనక్కాయల చేను మూలలో. సోలార్ పార్కుకు భూములు ఇచ్చేటప్పుడు ఆ మూల వదిలించే పని మరిదికి అప్పజెప్పి, ఆమె మడకశిరకు తమ్ముడి కూతురి పెళ్లికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి జేసీబీ ఆ సమాధిని చదును చేసేసింది. ఆ చదునులోంచే పిడికెడు తీసుకుని బొమ్మన్న గడపకు వచ్చి, "ఇది మీ అన్న మీది మన్ను. నీ ఇంట తొట్టెల ఊగకుండా పోను!" అని అరిచింది. తరవాత బొమ్మన్న ఒక్కగానొక్క కూతురు శిల్పశ్రీకి పెళ్లయింది. రెండు సార్లు కడుపు నిలిచింది, రెండు సార్లూ పోయింది.

ఏడు నెలల కిందట హొన్నమ్మ ప్రభువును నమ్ముకుంది. నీళ్లకు కరువైన ఊరు కాబట్టి, శివరాజు తోటలో వాననీళ్ల కోసం తవ్విన కృషిహొండలో ఆమెకు బాప్తిస్మం ఇచ్చారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరు నవ్వింది. కానీ ఈ ఏడు నెలల్లో ఆమె నోట ఒక్క శాపమూ రాలేదు. ఇప్పుడు ఊరికి నవ్వు పోయి అనుమానం పట్టుకుంది.

ఇక ఈ వారం సంగతి.

హొన్నమ్మకు ఇప్పుడు పని ఆ సోలార్ పార్కులోనే. ప్యానెళ్లను తెల్లవారుజామునే తుడవాలి. ఎండెక్కితే అద్దం కాగిపోతుంది, నీళ్లు చల్లితే మరకలు కడతాయి. అందుకని తూరుపు ఎర్రబడే వేళకే ఆడవాళ్లు పచ్చ జాకెట్లు తొడుక్కుని, పొడుగు కర్రల వైపర్లు పట్టుకుని వరుసల్లోకి వెళ్లిపోతారు. ఆ వేళలో మీరు ఎప్పుడైనా అక్కడ నిలబడ్డారా? ఒకసారి నిలబడాలి. కనుచూపు మేరా ఆకాశం నేల మీదికి దిగి పడుకుని ఉంటుంది. చెరువు నిండిన సంగతి ముసలివాళ్లు చెప్తే వినాల్సిన సీమలో, అంత నీలం ఎక్కడినుంచి వచ్చిందా అనిపిస్తుంది. హొన్నమ్మ వైపర్ లాగితే ఒక మబ్బు చెదిరిపోయేది, నీళ్లు జారిపోగానే మళ్లీ అతుక్కునేది. కొంగ ఒకటి ఆమె కాళ్ల దగ్గర అద్దంలో ఎగిరి వెళ్లిపోయేది. తలెత్తి చూస్తే కొంగ ఉండేది కాదు.

శ్రీరామప్ప ఏ వరుస కింద ఉన్నాడో ఆమెకు తెలియదు. గట్టు లేదు, గట్టు మీది రాయి లేదు, దేన్ని పట్టుకుని గుర్తుపట్టాలి? ఒకరోజు నాలుగో వరుస అనిపించేది, ఇంకోరోజు తొమ్మిదో వరుస అనిపించేది. అందుకే అన్ని వరుసలనూ ఒకే శ్రద్ధతో తుడిచేది. సూపర్‌వైజర్ మంజునాథ్ ఇదంతా కంపెనీ మీద భక్తి అనుకుని, రెండుసార్లు ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా.

ఆ పొద్దున ఆమెకు ముందు మనిషి కనపడలేదు, అద్దంలో నీడ కనపడింది. నీలంలో, మబ్బుల మీదుగా, ఎత్తు కడుపుతో ఒక ఆడమనిషి నడిచి వస్తోంది. అడుగు తీసి అడుగు వెయ్యడం మెల్లగా ఉంది. తాను ఇంకా నిద్రలోనే ఉన్నానేమో అనుకుంది హొన్నమ్మ. వైపర్ ఆపి తల తిప్పింది.

శిల్పశ్రీ. తొమ్మిదేళ్లుగా వీధిలో ఎదురైతే తల తిప్పుకుని పోయే పిల్ల.

"ఏంది పాపా, ఇంత పొద్దున్నే? గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి. నిన్ను లోపలికి ఎవరు ఇడిసినారు?"

"ఓబులేశన్న గేటు కాడ ఉండాడు. కడుపుతో ఉండే మనిషిని ఆపేకి ఆయప్పకు నోరు రాలేదు." శిల్పశ్రీ ఆయాసపడుతూ స్తంభానికి ఆనుకుంది. "పెద్దమ్మా, నీతో మాట్లాడల్ల."

"కూర్చో ముందు. ఎన్నో నెల?"

"ఆరు పడింది. ఇంతవరకూ ఎప్పుడూ రాలేదు ఆరు."

హొన్నమ్మ తన బకెట్ బోర్లించి దాని మీద కూర్చోబెట్టింది. నీళ్ల సీసా ఇచ్చింది. శిల్పశ్రీ తాగలేదు.

"డాక్టరమ్మ థైరాయిడ్ అంటాది. మాయత్త నీ పేరు అంటాది. మాయత్త యాడో కనుక్కొని వచ్చింది పెద్దమ్మా. మన్ను పోసిన చేత్తోనే గడప కడగల్లంట. 'నా మాట నేనే మింగినా' అని మూడుసార్లు అనల్లంట. అంతే. ఒక చెంబు నీళ్ల పని."

"మాత్రలు వేసుకుంటా ఉండావా?"

"వేసుకుంటా ఉండా."

"మానద్దు. డాక్టరమ్మ చెప్పిందే నిజం."

"పెద్దమ్మా!" అంటూ శిల్పశ్రీ బకెట్ మీది నుంచి జారి, ఆ కడుపుతోనే ఆమె గమ్‌బూట్ల మీదికి వంగింది. "నీకు దండం పెడతా. ఈ బిడ్డను ఇడిసిపెట్టు."

ఇక్కడ హొన్నమ్మ గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఆమె తన దగ్గర తాను దాచుకోలేదు. ఆ పిల్ల భయంతో తన కాళ్ల మీద పడ్డ క్షణాన, ఆమె నాలుక కింద సన్నగా ఒక తీపి ఊరింది. పాత తీపే. గడపల ముందు నిలబడినప్పుడు, తలుపుల వెనక జనం ఒదిగిపోవడం చూసినప్పుడు ఊరే తీపి. తిట్లు మానేసిన ఈ ఏడు నెలల్లో అది పోయిందనుకుంది. ఎక్కడికీ పోలేదు. మొగుడు లేని ఆడదాన్ని ఊరు ఒక్క మాట కూడా అనకుండా ఇన్నాళ్లు కాపాడింది అదే మరి.

దాంతోపాటే నాలుగేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. శిల్పశ్రీ మొదటి కడుపు పోయిందని తెలిసిన రోజు ఆమె ఇంట్లో బెల్లం లేకపోతే ఎల్లక్క దగ్గర అడిగి తెచ్చుకుంది. బెల్లం అన్నం వండుకుంది. ఆ సంగతి సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు కూడా చెప్పలేదు. తిట్టినవన్నీ చెప్పింది, ఇది మాత్రం మింగేసింది. ఇప్పుడూ నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల కడుపు చూసి మళ్లీ మింగింది.

"లే పాపా, లే" అని రెండు చేతులా పట్టి లేపింది. "నా నోటికి అంత బలం లేదు తల్లీ. బిడ్డలను ఇచ్చేకి, తీసుకునేకి నేనెవురు? గడప కడిగితే నీకు భయం పోతుందేమో గానీ, నేను మళ్లా ఈ ఊరికి దయ్యాన్నవుతా. నా తిట్టు నిజంగానే తగిలిందని నేనే ముద్ర వేసినట్లవుతుంది."

శిల్పశ్రీ కళ్లు తుడుచుకుంది. ఆ కళ్లలో భయం పోయి ఒక్కసారిగా కోపం వచ్చింది.

"బలం లేకపోతే ఎందుకు పోసినావు?"

"కడుపుమంట" అంది హొన్నమ్మ. "మీ నాయన ఆ మూల వదిలించి ఉంటే..."

"వదిలించినాడు."

"ఏంది?"

"వదిలించినాడు పెద్దమ్మా! సర్వే ఆయప్ప ఏమన్నాడంటే, వదిలే జాగా చుట్టూ సున్నం గీత పోసి పెట్టండి, డ్రైవర్ చూసుకుంటాడు అన్నాడు. ఆ పొద్దు మునిమాపున నాయన పోసినాడు. సున్నం డబ్బా పట్టుకున్నది నేనే. పెదనాయన చుట్టూరా బాన అంచు మాదిరి గుండ్రంగా పోసినాడు. గూటాలు కొట్టి తాడు కట్టు నాయనా అని నేనంటి. 'వాన యాడ వస్తుందే పిచ్చిదానా, ఈ సీమకు' అని నగినాడు." ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. "ఆ రాత్రి వాన వచ్చింది. ఆ యేడికంతా అదొకటే వాన. తెల్లారి నాయన పొయ్యేసరికి గీతా లేదు, గడ్డా లేదు. బండి తిరిగేసింది."

దూరంగా ఎవరో పంపు ఆన్ చేశారు. సన్నని హోరు వరుసల మధ్య పాకుతూ వచ్చింది.

"మరి ఎందుకు చెప్పలేదు?" అంది హొన్నమ్మ.

"నువ్వు చెప్పనిస్తివా? గడప కాడికి వస్తానే పోస్తివి. తరువాత నేను చెప్తానంటే నాయన వద్దన్నాడు. 'మా వదిన నన్ను అంత దొంగ అనుకున్నాక నేనేం చెప్పుకునేది' అన్నాడు."

ఆ వాన హొన్నమ్మకు బాగా గుర్తుంది. మడకశిర నుంచి వచ్చే బస్సు అద్దాల మీద చినుకులు పడితే, బస్సంతా ఒక్కసారిగా మాటలు ఆపి కిటికీల వైపు తిరిగింది. ఎవరో చెయ్యి బయటికి చాపారు. రాత్రి పావగడ బస్టాండులో దిగి, ఊరికి తెల్లారేదాకా బస్సు లేక, మెరుపుల వెలుగులో కొండ మీది బండలు నల్లగా తడిసి మెరుస్తుంటే చూస్తూ, పెళ్లి చీర తడిసిపోతుందన్న ధ్యాస కూడా లేకుండా ఆమె ముఖం పైకెత్తి నిలబడింది. దేవుడా, ఇంకా కురిపించు అనుకుంది. అక్కడ ఆమె మొగుడి చుట్టూ గీసిన గీత చుక్కచుక్కగా కరిగిపోతుంటే, ఇక్కడ ఆమె ఇంకా కావాలని అడిగింది.

ఇప్పుడు ఎవరిని తిట్టాలి? వాననా? గీత కనపడక బండి తిప్పిన డ్రైవర్‌నా? నవ్వి ఊరుకున్న మరిదినా? పెళ్లికి పోయిన తననా? ఆమె ఆలోచిస్తూనే ఉంది, ఈలోగా ఆమె కుడిచెయ్యి తన దారిన తాను నేల మీదికి వంగిపోయింది. వేళ్ల మధ్య ఎర్రమన్ను నిండింది. చూసుకునేసరికి పిడికిలి బిగిసి ఉంది. శిల్పశ్రీ బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేసి కడుపును చేతులతో కప్పుకుంది.

తిట్టే నోరు, తిరిగే కాలు ఊరకుండవంటారు. హొన్నమ్మకు ఆ క్షణాన సంజీవప్ప గుర్తొచ్చాడు. వాళ్ల ప్రార్థన మందిరం పెద్దాయన. ముప్పై ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ సంగతి చెప్పినా అందులో ఒక స్టాపు, ఒక టికెట్టు ఉండాల్సిందే. బాప్తిస్మం అయిన మూడో వారానికే మేక తోటకూర మేసిందని ఆమెకు పట్టరాని కోపం వచ్చి, నాకు విడుదల రాలేదయ్యా అని ఏడిస్తే, ఆయన నవ్వి ఇలా అన్నాడు:

"దూరం బస్సు దిగినాక కొంచేపు కాళ్లు ఊగుతా ఉంటాయి హొన్నమ్మా. అంటే నువ్వు ఇంకా బస్సులోనే ఉండావని కాదు. దిగినావు. కాళ్లకు ఆ సంగతి ఇంకా తెలీలేదు. నువ్వు చెప్పల్ల వాటికి."

హొన్నమ్మ తన చేతికి చెప్పింది. చిటికెన వేలు ముందు విప్పింది. తరువాత ఉంగరం వేలు. ఒక్కొక్క వేలూ మొండికేస్తోంది, ఎండిన తోలులాగా. చివరికి అరచెయ్యి తెరుచుకుంది. మన్ను వేళ్ల సందుల్లోంచి సన్నగా జారి, బకెట్ చుట్టూ పారిన నీళ్లలో పడి ఎర్రగా కరిగిపోయింది. ఆ నీళ్లలో కూడా కాస్తంత ఆకాశం ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది.

"పద" అంది కొంగుతో ముఖం తుడుచుకుని.

"యాడికి?"

"మీ ఇంటికి. గడప కడిగేకి కాదు. మీ నాయన కాళ్లు పట్టుకునేకి."

డ్యూటీ ఇంకా గంట ఉంది. మంజునాథ్ ఆమె ముఖం చూసి దారి ఇచ్చాడు.

గమ్‌బూట్లు, పచ్చ జాకెట్ అలాగే ఉన్నాయి. ఒక చేత్తో శిల్పశ్రీ మోచెయ్యి పట్టుకుని హొన్నమ్మ బొమ్మన్న వీధిలోకి మలుపు తిరిగింది. తొమ్మిదేళ్లలో ఇది మొదటిసారి. పొద్దెక్కి వీధంతా పలచని పసుపు వెలుగుతో నిండి ఉంది. ఊడుస్తున్న చీపుర్లు ఆగిపోయాయి. ఎల్లక్క తన అరుగు మీద నుంచి ఒక్క గంతులో దిగింది. హొన్నమ్మ మళ్లీ దారిలో పడింది, ఈ ఊపులో నా కోడి సంగతి కూడా తేలిపోతుంది అన్న ఆశ ఆమె నడకలో తెలిసిపోతోంది.

బొమ్మన్న అరుగు మీద కూర్చుని విత్తనం శెనక్కాయలు వొలుస్తున్నాడు. పార్కుకు ఇవ్వకుండా మిగుల్చుకున్న ఎకరాకు అవి. కూతురిని, పక్కన ఉన్న మనిషిని చూసి అతని చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

హొన్నమ్మ గడప తొక్కలేదు. ఒకప్పుడు నిలబడిన చోటే నిలబడింది.

"బొమ్మన్నా, సున్నం సంగతి పాప చెప్పింది. నాకు తెలీదు. తెలుసుకోవల్లని కూడా అనుకోలేదు, అదీ నా తప్పే. నిన్ను దొంగ అనుకున్నా. నీ గడప మీద మన్ను పోసినా, నీ బిడ్డ కడుపును తిట్టినా. నా నోటికి శక్తి ఉండి కాదు, నా నోట్లో విషం ఉండి. నన్ను మన్నించు."

హొన్నమ్మ నోట 'మన్నించు' అన్న మాట విన్నవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు.

బొమ్మన్న చేతిలో కాయ కింద పెట్టాడు. లేచి లోపలికి వెళ్లాడు. పెట్టె తెరిచిన చప్పుడు వినపడింది. బయటికి వచ్చినప్పుడు అతని చేతిలో మాసిన తెల్లగుడ్డ మూట ఉంది, పిడికెడంత.

"ఇదేందో తెలుసునా వదినా? ఆ పొద్దు నువ్వు పోసిన మన్ను."

"పారేయలేదా?"

"యాడ పారేసేది?" అన్నాడు బొమ్మన్న. "అది మాయన్న మీది మన్ను. నువ్వే చెప్పినావు గదా. బండి తిప్పినాక మాయన్నది ఇంకేం మిగిలిందని? శాపమని నా పెండ్లాం ఎన్నిసార్లు బయటికి ఇసిరేయమన్నా ఎత్తి పెట్టుకున్నా."

ఏ వరుస కిందో అని ఇన్నేళ్లు వెతుక్కున్న మనిషి, తాను విసిరిన పిడికెడులో, తాను తిట్టిన ఇంట్లో, పెట్టెలో పదిలంగా ఉన్నాడు. ఆమె రెండు చేతులూ వాటంతట అవే ముందుకు సాగాయి.

"ఇస్తా వదినా. ఇది నీదే. ఒక్క మాట అడుగుతా, చెప్పు." బొమ్మన్న మూటను గుండెకు ఆనించుకున్నాడు. "మా పాప మొదటి కడుపు పోయిన పొద్దు నువ్వు బెల్లం అన్నం వండుకున్నావని ఊర్లో అన్నారు. నేను నమ్మలేదు. నిన్ను ఇన్నేండ్లు తిట్టుకున్నా గానీ, ఆ ఒక్కటి నమ్మలేదు. మా వదిన అంత పని చెయ్యదు అన్నా. అబద్ధమని చెప్పు, చాలు."

శిల్పశ్రీ తలెత్తి పెద్దమ్మ ముఖంలోకి చూసింది.

అంతలో వెనక నుంచి గొంతు లేచింది. "అబద్ధమప్పా! ఉత్త అబద్ధం!" ఎల్లక్క ముందుకు వచ్చింది. కోడిని ఎప్పుడో మరిచిపోయింది, కళ్లనిండా నీళ్లు. "ఆ మాట పుట్టించింది నేనే. ఏదో మంటకు అన్నా. ఆమె ఏం వండుకోలేదు, నమ్ము బొమ్మన్నా!"

ఎంత మంచి అబద్ధం అది. చల్లని నీళ్లలాగా చెంబులో పోసి ఇచ్చారు. హొన్నమ్మ నోరు విప్పనక్కర్లేదు, ఊరికే తల దించుకుంటే చాలు. మొగుడి మన్ను చేతికొస్తుంది, మరిది దక్కుతాడు, ఈ పిల్ల కన్న బిడ్డను ఎత్తుకోవడమూ దక్కుతుంది. కాకపోతే రేపు పొద్దున మళ్లీ ఆ తీపిని నాలుక కింద పెట్టుకునే బతకాలి.

దిగినావు, అన్నాడు సంజీవప్ప. కాళ్లకు నువ్వు చెప్పల్ల.

"ఎల్లక్కా, నా కోసం నువ్వు అబద్ధం మోయద్దమ్మా" అంది హొన్నమ్మ. తరువాత మరిది కళ్లలోకి చూసింది. "వండుకున్నా బొమ్మన్నా. బెల్లం ఈమె దగ్గరే తెచ్చుకున్నా. మారు కూడా పెట్టుకొని తిన్నా."

శిల్పశ్రీ ఆమె పక్క నుంచి తొలగి తండ్రి వైపు జరిగింది.

బొమ్మన్న మెల్లగా మూట ముడి విప్పాడు. ఎర్రమన్ను ఎండిపోయి పసుపంత మెత్తగా అయిపోయింది. దాన్నంతా కుడిచేతిలోకి ఒంపుకున్నాడు. గుడ్డ గాలికి ఎగిరి గడప అవతల పడింది.

ఆ పిడికిలి ఎలా బిగుస్తుందో, దాని వెనక భుజం ఎలా లేస్తుందో, అప్పుడు నోటిలోకి ఏ మాటలు వస్తాయో ఊళ్లో అందరికంటే బాగా తెలిసింది హొన్నమ్మకే. ఆమె వెనక్కి జరగలేదు. చాచిన రెండు అరచేతులూ చాచినట్లే ఉంచింది.

బొమ్మన్న చెయ్యి తల మీదికి లేచింది. నోరు తెరిచాడు.

(మిగతా కథ వచ్చే వారం)